ఉత్తుత్తికే వదిలిన పిల్ల

ఇషి అంటే రాయి. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందట. ఇది నిలిచే పిండం కాదులే అని ఇరుగుపొరుగు పెదవి విరిస్తే, వాళ్ళ నాన్నకి ఒళ్ళు మండిపోయి ఆ పేరు పెట్టాడు. పెట్టినందుకు నిలిచింది. ఏడుగురిని కని ఏడుగురినీ దక్కించుకుంది. కడుపు చలవ మనిషి అని పేరు పడేసరికి ఆ కొండల్లో ఎవరికి నొప్పులొచ్చినా ఇషినే పిలిచేవారు. ఆ పనిలోనే జుట్టు నెరిసింది.

ఊరి పేరు హియెదైరా. ఊదల మిట్ట అని అర్థం. జపాన్ ఈశాన్యపు కొండల్లో అబద్ధమాడని పేరు అదొక్కటే అనుకుంటాను, ఎందుకంటే అక్కడ ఊదలు తప్ప ఇంకో గింజ సరిగ్గా పండి చావదు. మిగతా పేర్లన్నీ అర్జీలే. ఆడపిల్లలు ఇక చాలు తండ్రీ అనుకున్నవాళ్ళు తొమె అని పెడతారు, ఆపు అని. అదీ ఆగకపోతే తర్వాతి పిల్లకి సుయె, ఆఖరిది అని. దేవుడు ఎన్ని అర్జీలు చదివాడో ఆయనకే తెలియాలి. ఇషి పక్కింటి కోడలి పేరు తోయో, నిండు పంట. ఆ నిండు పంట ఇంట్లో ఎలకలు కూడా ఆకలికి తట్టుకోలేక కాపురం ఎత్తేశాయి.

తోయో మొగుడు కమెజో. కమె అంటే తాబేలు, వెయ్యేళ్ళు బతుకుతుందని. బొగ్గుల బట్టీ కాల్చుకునేవాడు. షోవా తొమ్మిదో ఏడు, అంటే షోవా చక్రవర్తి గద్దెనెక్కిన తొమ్మిదో ఏడు, ఆయనకి నలభై రెండు పడ్డాయి. మగవాడికి అది గండం ఏడు. ఆ ఏడు పుట్టిన బిడ్డ తండ్రిని తింటుంది, లేదా తానే పోతుంది అని పెద్దలమాట. సరిగ్గా ఆ శరదృతువులోనే తోయోకి అయిదో కాన్పు, ఆడపిల్ల.

దీనికి విరుగుడు ఉంది. బిడ్డని చేటలో పెట్టి నాలుగు తోవలు కలిసేచోట వదిలి రావాలి. ముందే మాట్లాడుకున్న మనిషి, కడుపు చలవగల మనిషి, అటుగా పోతున్నట్టు వచ్చి, "అయ్యో, ఎవరో బిడ్డని పారేశారే" అని ఎత్తుకుని, తన ఇంటికి తీసుకుపోయి సుతె అని పేరు పెట్టాలి. సుతె అంటే పారేసింది. తర్వాత కన్నవాళ్ళు బియ్యం సారా పట్టుకుని వచ్చి, "మీకు దొరికిన పిల్లని మాకు పెంచుకోడానికి ఇవ్వండి" అని అడిగి తెచ్చుకోవాలి. పారేసిన పిల్ల మీద గండానికి మోజుండదు. మన పక్క పురిట్లో పిల్లలు దక్కకపోతే పెంటకుప్ప మీద దొర్లించి పెంటమ్మ అని పెట్టుకోమూ, అదే తెలివి.

కమెజో వచ్చి అడిగినప్పుడు ఇషి గుమ్మంలో కూర్చుని అడవికాయలు దంచుతోంది. ఆ ఏడు వేసవి రాలేదు. జులైలో కూడా దుప్పటి కప్పుకున్నారు. వెన్ను తీసిన ఊదలు తాలుపోయాయి. ఊళ్ళో తౌడు, అడవికాయలు, వేళ్ళు తిని బతుకుతున్నారు.

"ఈ ఏడు వద్దురా కమెజో," అంది ఇషి. "జనం నిజంగానే వదిలేస్తున్నారు. మొన్న వంతెన కింద ఒకటి దొరికిందట."

"అందుకేగా అక్కా," అన్నాడు వాడు పళ్ళికిలించి. "ఈ ఏడైతే దేవుడు కూడా నమ్ముతాడు."

"నోట్లో మన్ను పడ! ఏం మాటలురా అవి?" అని రోకలి ఎత్తింది గాని నవ్వొచ్చేసింది. ఒప్పుకుంది కూడా. ఆ నవ్వు ఎందుకు నవ్వానా అని తర్వాత ఎన్నిసార్లు తల బాదుకుందో లెక్కలేదు.

పిల్ల పుట్టిన ఏడో రోజు పొద్దున్నే అనుకున్నారు. ముందురోజు సాయంత్రం కొండ అవతలి గూడెం నుంచి కబురొచ్చింది, నొప్పులని. ఇషి వెళ్ళింది. తెల్లవారకముందే బిడ్డ బయటపడ్డాడు. బొడ్డు కోసి, స్నానం చేయించి, చేతులు కడుక్కుని లేచింది. అప్పుడే బయల్దేరి ఉంటే పొద్దు పొడిచేసరికి నాలుగు తోవల దగ్గర ఉండేది. కానీ ఆ ఇంటి ముసలమ్మ అటక మీద ఏడాదిగా దాచిన తెల్లబియ్యం దోసెడు తీసి, మంత్రసాని కోసమని పొయ్యి మీద గంజికి పెట్టింది. ఉడుకుతున్న బియ్యం వాసన ఇషి ముక్కుకి సోకి నాలుగు నెలలైంది. కాళ్ళు కదల్లేదు. ఇంకాస్త ఉడకనీ అంది ముసలమ్మ. సరే అంది ఇషి. ఒక గిన్నె తాగింది. ఇంకొకటి పోస్తానంటే వద్దనలేదు.

నాలుగు తోవల దగ్గరికి వచ్చేసరికి ఎండ చెట్ల కొనల దాకా దిగింది. చేట ఉంది. చేటలో పిల్ల లేదు.

ముందు కమెజో వచ్చి తీసుకుపోయి ఉంటాడనుకుంది. మంచు పట్టిన నేల మీద చూస్తే గడ్డిచెప్పుల జాడలు రెండు జతలు, ఊరివైపు కాదు, కనుమవైపు పోతున్నాయి. పరిగెత్తింది. కనుమ దాకా పరిగెత్తింది. అక్కడ రాతినేల, జాడ తెగిపోయింది. "ఉత్తుత్తికమ్మా! అది ఉత్తుత్తికి వదిలిన పిల్ల!" అని కొండకి వినపడేలా అరిచింది. ఎవరూ పలకలేదు. అరిచి అరిచి, కడుపులో ఉన్న తెల్లబియ్యం గంజంతా అక్కడే కక్కుకుంది.

మధ్యాహ్నానికి పట్నం నుంచి పోలీసాయన వచ్చాడు. కుర్రవాడు, బూట్లకి బురద అంటిందని చిరాకు.

"బిడ్డని అక్కడ వదిలిందెవరు?"

"మేమే బాబూ," అన్నాడు కమెజో.

"మరి పోయిందని ఏడుస్తారేం?"

"ఉత్తుత్తికి వదిలామండి. ఈవిడొచ్చి ఎత్తుకోవాలి."

"ఉత్తుత్తికి బిడ్డని ఎవడైనా చలిలో పెట్టిపోతాడా? ఈ నెలలో ఇది నాలుగోది నాకు. మిగతా ముగ్గురూ ఇంత కథలు అల్లలేదు, తలొంచుకుని ఏడ్చారంతే." పుస్తకం తెరిచాడు. "పేరు?"

పేరు లేదు. ఎత్తుకున్నవాళ్ళు పెట్టాలి గనక ఇంట్లో పేరు పెట్టలేదు, రిజిస్టరులో రాయించలేదు. ఇంకా పెట్టలేదండి అన్నాడు కమెజో.

"పేరు లేని పిల్లని ఏమని వెతకను, నా తలకాయ!"

"సుతె," అంది ఇషి. "సుతె అని రాసుకోండి బాబూ. నేను పెట్టాల్సిన పేరు అదే."

పోలీసాయన ఆవిడ ముఖంలోకి చూశాడు. "సుతె. పారేసింది. మీ నోటితో మీరే చెప్తున్నారుగా," అని రాసుకుని, గీత కొట్టి, పుస్తకం మూసేశాడు. సర్కారు లెక్కలో ఆ పిల్ల అంతే. వెతకలేదు.

ఎందుకు ఆలస్యమైందని ఊరంతా అడిగింది. కాన్పు కష్టమైందని చెప్పింది ఇషి. రాయి అని పేరున్న మనిషి ఆ ఒక్క అబద్ధం కింద నలిగిపోయింది. కొడుకులు, కోడళ్ళు తెల్లన్నం వండిన రోజున పొట్టలో బాగోలేదని లేచిపోయేది. తోయో మాత్రం ఒక్కనాడూ ఒక్కమాట అనలేదు. తిడితే బాగుండును, జుట్టు పట్టుకుంటే బాగుండును. ఎదురుపడితే తల వంచి, "చలిగా ఉంది కదక్కా," అని పోయేది. ఆ చలికాలమే వాళ్ళు పెద్దపిల్లని బట్టల మిల్లుకి పంపేశారు.

ఇక కమెజో సంగతి. నలభై రెండో ఏట వాడికి తుమ్ము కూడా రాలేదు. యాభై మూడో ఏట బట్టీ కప్పు కూలి పోయాడు. ఆ ఏటికి ఏ గండమూ రాసిలేదు. తాబేలు అట, వెయ్యేళ్ళట!

ఇషి వెతకడం మానలేదు. ఆవిడ లెక్క ఒకటే. ఎత్తుకున్నవాళ్ళు ఎవరైనా సరే, ఈ మట్టిలో పుట్టినవాళ్ళే. దొరికిన పిల్లకి దొరికిన పేరే పెడతారు. హిరొయి అని పెడతారు, ఏరుకున్నది అని. ఏరుకున్న పిల్లలు గట్టిగా ఉంటారని అందరికీ నమ్మకమే. కాబట్టి షోవా తొమ్మిదో ఏట పుట్టిన హిరొయి కావాలి. గుర్తు కూడా ఉంది. ఎడమ చెవి ముందు సూది గుచ్చినంత పుట్టుబెజ్జం. బొడ్డు కోసిన చెయ్యి కదా, ఆ చెయ్యి దాన్ని మర్చిపోలేదు.

మందులమ్ముకునే యసోజి ఏడాదికోసారి వచ్చేవాడు. ఇంటింటా మందులపెట్టె ఉంచి, మళ్ళీ ఏడు వచ్చి వాడిన పొట్లాలు నింపి పోతాడు. కొండా తీరమూ వాడు తొక్కని గడప లేదు. ఇషి వాడికి ఈ పని అప్పగించింది.

"మందులమ్ముకోనిస్తావా, పిల్లల్ని వెతికిస్తావా అక్కా?" అని విసుక్కునేవాడు. విసుక్కుంటూనే ప్రతి ఊళ్ళోనూ అడిగేవాడు. యుద్ధం ముందు ఇద్దరు హిరొయిలు దొరికారు. ఒకతె నలభై ఏళ్ళది, ఇంకొకడు మగపిల్లాడు. యుద్ధంలో యసోజి రాలేదు. యుద్ధం అయ్యాక ఇంకో ముగ్గురు. ఇషి మూట కట్టుకుని, రైలెక్కి, నడిచి, ప్రతి ఒక్కరి ఎడమ చెవీ చూసి వచ్చింది. "ముసలిదానికి చెవుల పిచ్చి పట్టింది," అనుకున్నారు ఊళ్ళో. తిరిగొచ్చిన ప్రతిసారీ తోయో గుమ్మం ముందు ఆగి, "ఇది కాదే," అనేది. "అలాగా అక్కా," అనేది తోయో. అంతే.

షోవా ఇరవై ఎనిమిదో ఏడు, మంచు కరుగుతుండగా యసోజి వచ్చి పెట్టె దింపకుండానే అన్నాడు. "తొదొహామాలో ఒకతె ఉందక్కా. పంతొమ్మిదేళ్ళు. తీరంలో నాచు ఆరబెట్టే పనిలో. పెంచినామె పోయిన ఏడు పోయిందట. నాలుగు తోవల దగ్గర చేటలో దొరికిందని ఊరంతా చెప్తారు."

ఇషి ఆ పూటే మూట కట్టింది.

తొదొహామా అంటే సముద్రసింహాల తీరం. అవి వచ్చి యాభై ఏళ్ళు దాటిందట, పేరు మాత్రం వాటిదే. హిరొయి ఒడ్డున రాళ్ళ మీద నల్లటి నాచు పరుస్తోంది. పొట్టిగా, గట్టిగా, అచ్చం కమెజో భుజాలు. ఇషి పలకరించలేదు, దగ్గరికి పోయి జుట్టు తప్పించి చెవి చూసింది.

"ఏంటవ్వా ఇది? పేలు చూస్తావా?" అని నవ్వింది పిల్ల.

బెజ్జం ఉంది. ఇషి ఆ రాళ్ళమీదే మూట దింపి కూర్చుంది. గండం ఏడు, చేట, సారా పట్టుకుని రావాల్సిన నాన్న, అన్నీ చెప్పింది. ఎత్తుకోవాల్సిన మనిషి ఆలస్యంగా వచ్చింది, ఆ మనిషిని నేనే అని కూడా చెప్పింది. ఎందుకు ఆలస్యమైందో మాత్రం గొంతు దాటలేదు.

హిరొయి నాచు చేతుల్లో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "అంటే, ఉత్తుత్తికా?"

"ఉత్తుత్తికే తల్లీ."

"నన్ను పారెయ్యలేదా?"

"ఛ! గండం పోవాలని, నువ్వు నూరేళ్ళు బతకాలని."

పిల్ల ముందు నవ్వింది, తర్వాత ముఖం కప్పుకుంది. "నాకు పదేళ్ళప్పుడు అమ్మ చెప్పిందవ్వా, దొరికావని. ఎవరో ఏడుస్తూ వదిలి ఉంటారే, వాళ్ళని తిట్టకు అనేది. బళ్ళో పిల్లలు 'కూడు పెట్టలేక పారేస్తే ఏరుకొచ్చారు' అని వెక్కిరించేవాళ్ళు. నా పేరు పలికినప్పుడల్లా నాకు అదే వినపడేది. ఎవరు పారేశారు, ఏం తక్కువైందని పారేశారు అని. పంతొమ్మిదేళ్ళు అవ్వా! చివరికి ఆటా?" అని మళ్ళీ నవ్వింది. పక్కన పనిచేసేవాళ్ళని కేకేసి పిలిచింది. "ఒసేయ్, నన్ను పారెయ్యలేదంట! ఉత్తుత్తికంట!"

ఆడవాళ్ళంతా మూగారు. ఎవరో ఇషి చేతిలో వేడి టీ పెట్టారు. ఎవరో కళ్ళు తుడుచుకున్నారు. అమ్మ బతికే ఉందని విని హిరొయి ఇషి రెండు చేతులూ పట్టుకుంది. "వచ్చే నెల పదో తారీఖున మాకు పని ఉండదు. స్టేషన్‌కి వస్తాను. అమ్మని తీసుకొస్తావా అవ్వా?"

"చచ్చినా తీసుకొస్తాను," అంది ఇషి.

తిరుగు రైల్లో ఆవిడ అంత తేలిగ్గా ఎప్పుడూ కూర్చోలేదు. ఇంటికి కూడా పోకుండా తోయో గడప తొక్కింది. తోయో పొయ్యి ముందు ఒంటరిగా కూర్చుంది. కొడుకుల్లో ఒకడు యుద్ధంలో పోయాడు, ఇంకొకడు గనుల్లో ఉన్నాడు, పిల్లలెవరూ ఊళ్ళో లేరు.

"దొరికిందే తోయో! మన పిల్ల దొరికింది! చెవి చూశాను. నీ మొగుడి భుజాలే దానివి."

తోయో కట్టెపుల్ల పొయ్యిలోకి తోసింది. "అలాగా అక్కా," అంది.

"అలాగా ఏమిటే, నీ మొహం! లే, పదో తారీఖున పోవాలి. ఇంకో మాట చెప్పాలి, విను. కాళ్ళు పట్టుకుంటాను. ఆ రోజు కాన్పు కష్టం కాలేదే. తొందరగానే అయిపోయింది. గంజి పెట్టారు, తెల్లబియ్యం. కూర్చుని తాగాను. రెండు గిన్నెలు. అందుకు ఆలస్యమైంది. పంతొమ్మిదేళ్ళుగా ఈ మాట నా గొంతులో ఉంది. కొట్టు, ఉమ్మెయ్యి, నీ ఇష్టం." అని ముసలి నడుం వంచి నేలకి తల ఆనించింది.

"లే అక్కా," అంది తోయో. "నాకు తెలుసు. ఆ ముసలమ్మ ఆ నెలలోనే చెప్పింది."

ఇషి తలెత్తింది.

"నువ్వు ముందొచ్చినా లాభం ఉండేది కాదేమో. నేను వెనక్కెళ్ళాను ఆ రోజు. నీళ్ళకని చెప్పి వాగు పక్క నుంచి వెళ్ళాను. మనసు పట్టలేదు. వెళ్ళేసరికి ఒకామె చేట పక్కన కూర్చుని ఉంది. పిల్లకి పాలిస్తోంది. దాని గడ్డం మీద నుంచి పాలు కారుతున్నాయి అక్కా. కారుతున్నాయి! నా రొమ్ముల్లో నాలుగు రోజులుగా చుక్క లేదు. వేలు నోట్లో పెట్టి పడుకోబెడుతున్నాను. నీకు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. ఆమె బిడ్డ పోయి ఉంటుంది, లేకపోతే అన్ని పాలెక్కడివి? ఆమె మొగుడు లేచి నిలబడి కేకేశాడు, ఎవరన్నా ఉన్నారా అని. మూడుసార్లు కేకేశాడు. నేను దేవదారు వెనకాలే ఉన్నాను."

"పలకలేదా?"

"పలకలేదు."

ఇషికి ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక నేలని అరచేత్తో చరిచింది. "పంతొమ్మిదేళ్ళే! పంతొమ్మిదేళ్ళు నన్ను కుక్కలా తిప్పావు కదే! మంచులో, యుద్ధంలో, తిండి లేకుండా! ఒక్కమాట చెప్పలేకపోయావా?"

"చెబితే నిజంగా పారేసినదాన్ని అవుతాను," అంది తోయో. "నువ్వు వెతుకుతున్నంతకాలం అది ఉత్తుత్తిదే కదక్కా."

ఇషి పొయ్యి దగ్గరికి జరిగి తోయో పక్కన కూర్చుంది. "పోనీ ఇప్పుడైనా రావే," అంది బతిమాలుతూ. "చూడొచ్చు కదా. దానికి ఇదేమీ చెప్పొద్దు."

"అది అడుగుతుంది. అడిగితే దాని మొహం చూస్తూ అబద్ధం చెప్పలేను, నిజమూ చెప్పలేను. నేను రాను." రాననడమే. ఆ రోజూ రాననే అంది, తర్వాత వారం రోజులు కాళ్ళావేళ్ళా పడినా రాననే అంది.

పదో తారీఖున ఇషి ఒంటరిగా రైలు దిగింది. హిరొయి స్టేషన్ బయట ఎప్పటినుంచి నిలబడిందో, కొత్త బట్టలు, చేతిలో ఎండునాచు మూట. ఇషి వెనకాల ఇంకెవరైనా దిగుతారేమోనని బండి కదిలేదాకా చూసింది.

"అమ్మ రాలేదా?"

రానందని చెబితే ఈ పిల్ల మళ్ళీ పారేసిన పిల్ల అయిపోతుంది. ఒంట్లో బాగోలేదంటే తానే పరిగెత్తుకుని వస్తుంది. దారంతా ఆలోచించినా ఇషికి మూడో దారి కనిపించలేదు.

"పోయిందమ్మా," అంది. "నేను తిరిగి వెళ్ళేసరికే పోయింది. నువ్వు దొరికావని చెప్పేలోపే."

హిరొయి గట్టిగా ఏడవలేదు. మూట గుండెలకి ఆనించుకుని అక్కడే ముడుచుకుని కూర్చుంది. ఇషి దాని వీపు రాస్తూ తనకి తెలిసిన తిట్లన్నీ తనని తాను తిట్టుకుంది.

"నా కోసం ఏడ్చేదా అవ్వా?"

"రోజూ," అంది ఇషి. అది నిజమో అబద్ధమో ఆవిడకి తెలియదు.

"అయితే బోన్‌కి వస్తాను," అంది పిల్ల లేచి. "పోయిన మొదటి ఏడు కదా, బోన్‌కి తప్పకుండా ఇంటికొస్తుంది. వచ్చినప్పుడు నేనుండాలి. సమాధి చూపిస్తావుగా?" వద్దనడానికి ఏ సాకూ దొరకలేదు.

హియెదైరాకి తిరిగొచ్చి చెప్పేసింది. "నిన్ను చంపి వచ్చానే. బోన్‌కి నీ సమాధికి పూలు తెస్తానంటోంది."

"మంచిపని చేశావు," అంది తోయో. "తేనీ."

బోన్ అంటే పోయినవాళ్ళు మూడు రోజులు ఇంటికొచ్చే పండగ. ఆ కొండల్లో ఒక్కొక్కరికీ వేరే రాయి ఉండదు, ఇంటికి ఒకటే రాయి. కమెజోకీ, వాళ్ళ తాతలకీ, యుద్ధంలో పోయిన కొడుక్కీ అదే. అందువల్ల ఇషికి రాయి వెతకాల్సిన అవస్థ తప్పింది. ఊళ్ళో వాళ్ళ కంటపడకుండా హిరొయిని వెనక తోవన, అందరూ భోజనాలకి కూర్చునే వేళ, ఊదల చేను గట్టు మీదుగా తీసుకెళ్ళింది. తోయో ఇంట్లో తలుపు వేసుకుని కూర్చుంటానని మాటిచ్చింది.

హిరొయి రాయి కడిగింది. పూలు పెట్టింది, నాచు పెట్టింది, అగరొత్తులు వెలిగించింది. చేతులు జోడించి, "అమ్మా, నేనేనమ్మా. కోపం లేదమ్మా. ఆటని నాకు తెలిసిపోయిందిగా," అని పైకే అంది. ఇషి మొహం పక్కకి తిప్పుకుంది. తిప్పుకునేసరికి చేను మధ్యలో ఒక ఆడమనిషి కలుపు తీస్తూ కనిపించింది. పండగ రోజు, మిట్టమధ్యాహ్నం, నెత్తిన గుడ్డ కళ్ళదాకా లాక్కుని. ఇషి హిరొయికి అటు కనపడకుండా అడ్డం జరిగింది.

తిరిగి వచ్చేటప్పుడు గట్టు సన్నం. ఆ మనిషిని రాసుకుంటూ పోవాలి.

"ఎండలో పని చేస్తున్నావేం అవ్వా? పండగ కదా ఇవ్వాళ," అంది హిరొయి ఆగి.

ఆ మనిషి కలుపు పట్టుకున్న చేతులతోనే నిలబడింది. నిలబడి చూసింది. ఎంతసేపు చూసిందో, హిరొయి సిగ్గుపడి తల వంచి దణ్ణం పెట్టేదాకా చూసింది.

"ఈ ఊరి పిల్లవి కానట్టుందే," అంది తోయో. "నీ పేరేంటమ్మా?"

"హిరొయి."

"మంచి పేరు," అంది తోయో. "ఎవరు పెట్టారు?"

"మా అమ్మ," అంది హిరొయి.

తోయో తల ఊపి, నెత్తి గుడ్డ ఇంకాస్త కిందికి లాక్కుని, కలుపు తీయడానికి వంగింది.